భిలాయ్ మట్టిదారుల్లో మౌంటెయిన్ బైక్: డబ్బు దేనికి పెట్టాలి, దేనికి పెట్టకూడదు?

“అన్నయ్యా, పద్నాలుగు వేలకి డబుల్ షాకర్ సైకిల్ వస్తోంది. డిస్క్ బ్రేకులు, 21 గేర్లు. తీసేసుకోనా?”

భిలాయ్ టౌన్‌షిప్ క్వార్టర్స్‌లో ఉండే మా బాబాయి కొడుకు పోయిన చలికాలంలో ఫోన్ చేసి అడిగాడు. ఆదివారాలు స్నేహితులతో కలిసి మరోదా వైపు, నందిని వైపు మట్టిదారుల్లో తొక్కాలని, అలవాటయ్యాక దల్లీ రాజహరా కొండల దాకా వెళ్లాలని వాడి ఆశ.

వద్దని వెంటనే చెప్పాను. ఎందుకు వద్దో చెప్పడానికి మాత్రం గంట పట్టింది. పదేళ్ల కిందట నేనూ అలాంటి సైకిలే కొన్నాను. మూడో నెలలో ఓ చెరువు గట్టు దిగుతుండగా వెనక చక్రం ఇరుసు విరిగింది. మోచేతికి ఏడు కుట్లు పడ్డాయి. ఫ్రేమ్ మీద ఓ మూల అతికించిన చిన్న స్టిక్కర్‌ను ఆ తర్వాతే చదివాను. రోడ్డు దిగి వాడటానికి ఈ సైకిల్ పనికిరాదని దాని మీద రాసి ఉంది.

చూడటానికి మౌంటెయిన్ బైక్‌లా ఉండటం వేరు, మౌంటెయిన్ బైక్ కావడం వేరు. ఆ తేడా ఎక్కడుందో, మన నేలకు, మన జేబుకు ఏది సరిపోతుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

భిలాయ్‌కి సైకిల్ కొత్త కాదు

సోవియట్ యూనియన్ సాయంతో భిలాయ్ ఉక్కు కర్మాగారం కట్టాలని 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ పనుల కోసం దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లలో తెలుగువాళ్లూ చాలామందే ఉన్నారు. సెక్టార్ 5లో ఆంధ్ర సాహిత్య సమితి బాలాజీ మందిరం ఇప్పటికీ ఇక్కడి తెలుగువాళ్లకు కూడలి.

ఆ తరానికి సైకిలంటే పెద్ద చక్రాల నల్ల సైకిల్. హ్యాండిల్‌కి టిఫిన్ క్యారియర్ తగిలించుకుని షిఫ్టుకి వెళ్లడానికి అది చాలు. తర్వాతి తరం లావు టైర్ల సైకిల్‌ని ‘రేంజర్’ అనో, ‘ఎంటీబీ’ అనో పిలవడం మొదలుపెట్టింది. నిజానికి ‘రేంజర్’ ఓ కంపెనీ మోడల్ పేరు. లావు టైరు ఉన్న ప్రతి సైకిల్‌కీ ఆ పేరే స్థిరపడిపోయింది. కొనేటప్పుడు పడే తికమకకు మూలం ఇదే.

అసలు మౌంటెయిన్ బైక్ ఎలా పుట్టింది?

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో మరిన్ కౌంటీ కుర్రాళ్లు 1970లలో పాత బరువు సైకిళ్లను కొండ మీదికి మోసుకెళ్లి, అగ్నిమాపక వాహనాల కోసం వేసిన మట్టిదారిలో కిందికి తోలేవాళ్లు. 1976 అక్టోబర్ 21న అక్కడ మొదటి ‘రీప్యాక్’ పందెం జరిగింది. సుమారు మూడు కిలోమీటర్ల పైచిలుకు దారిలో 400 మీటర్ల దాకా దిగుడు. వెనక్కి తొక్కితే పట్టే ఆ కాలపు హబ్ బ్రేకు దిగేసరికి వేడెక్కి, లోపలి గ్రీజు కాలిపోయేది. మళ్లీ పందేనికి దిగాలంటే గ్రీజు కొత్తగా నింపుకోవాలి. పందేనికి ఆ పేరు అలా వచ్చింది.

ఆ కొండ దిగుతుంటే ఏది ముందు పాడవుతుందో చూసి, దాన్నే వాళ్లు మార్చుకుంటూ పోయారు. ముందు బ్రేకులు, తర్వాత గేర్లు, ఆ తర్వాత ఫ్రేమ్. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్ లాంటివాళ్ల ప్రయోగాలు అలా మొదలైనవే. మౌంటెయిన్ బైకింగ్ 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి పతకాల క్రీడ అయింది. ఈ చరిత్రలో షాక్ అబ్జార్బర్లు చాలా ఆలస్యంగా వచ్చాయన్నది గమనించాలి. కొండ మొదట అడిగింది మంచి బ్రేకు, గట్టి చక్రం.

ముందు నేల చూడాలి, తర్వాతే సైకిల్

ఛత్తీస్‌గఢ్ రైతులు నేలను నాలుగు పేర్లతో పిలుస్తారు. భాటా అంటే మెరక మీది ఎర్ర గులకనేల, మన మొరం నేలలాంటిది. మటాసీ పసుపు ఛాయ ఇసుక కలిసిన నేల. డోర్సా బంక ఎక్కువున్న మధ్యరకం. కన్హార్ మన నల్లరేగడి. వరి వేయడానికి పనికొచ్చే ఈ లెక్క సైకిల్ ఎంచుకోవడానికీ పనికొస్తుంది.

భాటా మీద వాన కురిసినా నీరు త్వరగా ఇంకిపోతుంది. కానీ గుండ్రటి గులకరాళ్లు టైరు కింద గోలీల్లా దొర్లుతాయి. మలుపులో ముందు చక్రం జారి పడటం ఇక్కడే ఎక్కువ. కన్హార్ ఎండాకాలంలో నెర్రెలిచ్చి గట్టిపడుతుంది. వానాకాలంలో అదే మట్టి టైరుకీ ఫోర్క్‌కీ మధ్య ముద్దలా పేరుకుపోయి చక్రాన్ని తిరగనివ్వదు. ఆ నెలల్లో ఎంత ఖరీదైన సైకిలైనా భుజాన మోసుకురావాల్సిందే.

ఇక ఎత్తు సంగతి. భిలాయ్ సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తులో ఉన్న చదును మైదానం. నిజమైన ఎక్కుడు, దిగుడు కావాలంటే దక్షిణాన దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని దల్లీ రాజహరా ఇనుప ఖనిజం కొండల వైపో, కవర్ధా దాటి మైకల్ కొండల వైపో వెళ్లాలి. అంటే ఏడాదిలో పది వంతుల్లో తొమ్మిది వంతుల తొక్కుడు చదును మట్టిదారులు, పొలం గట్లు, అక్కడికి చేరే తారురోడ్ల మీదే. సైకిల్ కొనాల్సింది ఆ తొమ్మిది వంతుల కోసం. మిగిలిన ఒక వంతులో అది మోసం చేయకుండా ఉంటే చాలు.

డబుల్ షాకర్ ఎందుకు వద్దు?

మౌంటెయిన్ బైకులు ప్రధానంగా మూడు రకాలు. ఏ షాకూ లేనిది రిజిడ్. ముందు ఫోర్క్‌కి మాత్రమే షాక్ ఉన్నది హార్డ్‌టెయిల్. రెండువైపులా ఉన్నది ఫుల్ సస్పెన్షన్, భిలాయ్ కుర్రాళ్ల మాటలో డబుల్ షాకర్.

షాక్ అంటే స్ప్రింగ్ ఒక్కటే కాదు. స్ప్రింగ్ నొక్కుకున్నాక అదుపుగా, నెమ్మదిగా పైకి లేచేలా చేసే డ్యాంపింగ్ ఏర్పాటు లోపల ఉండాలి. అది లేకపోతే రాయి ఎక్కిన చక్రం బంతిలా ఎగిరి, నేలతో పట్టు కోల్పోతుంది. నమ్మదగిన ఫుల్ సస్పెన్షన్ సైకిల్ ధర మన దేశంలో మామూలుగా లక్ష రూపాయలు దాటుతుంది. పద్నాలుగు వేల సైకిల్‌లో వెనక ఉండేది చాలావరకు స్ప్రింగే. తొక్కిన ప్రతిసారీ మీ బలంలో కొంత ఆ స్ప్రింగ్‌ని నొక్కడానికే పోతుంది. పైగా రెండు మూడు కిలోల అదనపు బరువు. ఎర్రదుమ్ము చేరి వెనక కీళ్లు వదులైతే చక్రం పక్కలకు ఊగడం మొదలవుతుంది.

కాబట్టి ఇరవై నుంచి నలభై వేల బడ్జెట్‌లో హార్డ్‌టెయిల్ సరైన ఎంపిక. ముందు ఫోర్క్ కదలిక 80 నుంచి 100 మిల్లీమీటర్లు ఉంటే ఈ దారులకు చాలు. దుకాణంలో ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్‌ని గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఫోర్క్ ఠక్కుమని చప్పుడు చేస్తూ ఎగిరి లేస్తే అది ఉత్త స్ప్రింగ్. మెత్తగా లేస్తే కొంత డ్యాంపింగ్ ఉన్నట్లు. బడ్జెట్ ఇరవై వేల లోపైతే చవక షాక్ కంటే షాక్ లేని గట్టి ఫోర్క్, లావు టైరు నయం.

ఉక్కా, అల్యూమినియమా?

ఉక్కు నగరంలో ఈ ప్రశ్నకు అందరి దగ్గరా ఓ జవాబుంటుంది. అది సగమే నిజం.

ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 7.85 గ్రాములు, అల్యూమినియం 2.7. అంటే దాదాపు మూడో వంతు బరువు. అల్యూమినియం బిగువు కూడా దాదాపు మూడో వంతే. అందుకే అల్యూమినియం ఫ్రేమ్ గొట్టాలు లావుగా ఉంటాయి. వ్యాసం పెంచితే గొట్టం వంగకుండా నిలబడుతుంది.

ఉక్కులోనూ రెండు రకాలు. చవక సైకిళ్లలో వాడే హై టెన్సైల్ ఉక్కు, కొంత క్రోమియం, మాలిబ్డినం కలిపిన క్రోమోలీ. రెండింటి బిగువులో తేడా దాదాపు లేదు, తేడా బలంలో ఉంది. క్రోమోలీ బలమైనది కాబట్టి గొట్టం గోడను పల్చగా చేయవచ్చు, బరువు తగ్గుతుంది. హై టెన్సైల్ ఉక్కు ఫ్రేమ్‌తో వచ్చే మౌంటెయిన్ బైక్ 16 నుంచి 18 కిలోలు తూగుతుంది. మంచి అల్యూమినియం హార్డ్‌టెయిల్ 13 నుంచి 15 కిలోలు.

మరి ఉక్కే మేలన్న మాటలో నిజమెంత? ఉక్కుకు ఓ గుణం ఉంది. ఒత్తిడి ఒక హద్దు లోపల ఉన్నంతవరకు లక్షలసార్లు ఊగినా అలసిపోదు. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు. చిన్న ఒత్తిళ్లు కూడా ఏళ్ల తరబడి పేరుకుని చివరికి బీట పుట్టిస్తాయి. తయారీదారులు దీన్ని లెక్కేసుకునే ఫ్రేమ్ మందం నిర్ణయిస్తారు కాబట్టి భయపడనక్కర్లేదు. కానీ సెకండ్ హ్యాండ్ అల్యూమినియం సైకిల్ కొంటే హ్యాండిల్ కింద రెండు గొట్టాలు కలిసే అతుకు దగ్గర, సీటు గొట్టం దగ్గర టార్చ్ వేసి చూడండి. పెయింట్ మీద వెంట్రుకంత గీత కనిపించినా వదిలేయండి. బేరం ఎంత బాగున్నా సరే.

బోర్డు మీద రాయని సంగతి: ఇరుసు

నా మోచేతి కుట్లకు కారణం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

వెనక గేర్ల చక్రాలు హబ్‌కి రెండు రకాలుగా బిగిస్తారు. పాత పద్ధతి ఫ్రీవీల్. గేర్ల గుత్తి మొత్తం మర బిగించినట్లు హబ్ మీద తిరిగి కూర్చుంటుంది. ఈ పద్ధతిలో కుడివైపు బేరింగ్ హబ్ లోపలికి ఉండిపోతుంది. దాని నుంచి ఫ్రేమ్ దాకా ఇరుసు ఏ ఊతం లేకుండా చాలా దూరం బయటికి ఉంటుంది. మనిషి బరువుతో గతుకులో పడినప్పుడల్లా అక్కడ కొంచెం వంగుతుంది, ఓ రోజు విరుగుతుంది. కొత్త పద్ధతి క్యాసెట్. ఇందులో బేరింగ్ గేర్ల కిందికి, ఫ్రేమ్‌కి దగ్గరగా జరుగుతుంది. ఇరుసుకు ఊతం దొరుకుతుంది.

‘21 గేర్లు’ అన్న సైకిళ్లలో ఎక్కువ భాగం ఫ్రీవీల్‌వే. దుకాణదారుణ్ణి అడగాల్సిన ప్రశ్న గేర్లెన్ని అని కాదు, “వెనక ఫ్రీవీలా, క్యాసెట్టా?” అని.

గేర్ల సంఖ్య కూడా మోసపుచ్చేదే. ముందు మూడు, వెనక ఏడు కలిపితే 21. వాటిలో చాలా కలయికలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. ఎక్కుడుకు కావాల్సింది అన్నిటికంటే తేలికైన గేరు. ముందు 28 పళ్లు, వెనక 28 పళ్లైతే పెడల్ ఒక చుట్టుకు చక్రం కూడా ఒక చుట్టు తిరుగుతుంది. ముందు ఒకటే 32 పళ్ల చక్రం ఉండి, వెనక పెద్దది 46 పళ్లైతే చక్రం 0.7 చుట్టే తిరుగుతుంది. అంటే రెండోది ఎక్కుడులో దాదాపు ముప్పై శాతం తేలిక. కలిపి లెక్కేస్తే దానికి తొమ్మిదో పదో గేర్లే ఉండొచ్చు. అయినా రాజహరా ఎక్కుడులో మోకాళ్లకు సుఖం దానితోనే.

బ్రేకులు, టైర్లు, గాలి

డిస్క్ బ్రేకుల్లోనూ రెండు రకాలున్నాయి. తీగతో లాగేది మెకానికల్, నూనె ఒత్తిడితో పనిచేసేది హైడ్రాలిక్. హైడ్రాలిక్ బ్రేకు ఒక్క వేలితో పడుతుంది, పొడవాటి దిగుడులో చెయ్యి నొప్పి పుట్టదు. బడ్జెట్ అనుమతిస్తే ముందు దీనికే ఖర్చు పెట్టండి. మెకానికల్ తీసుకుంటే ప్యాడ్ అరిగేకొద్దీ తీగ బిగించడం నేర్చుకోవాలి. ఏ రకమైనా డిస్క్ మీద నూనె చుక్క పడనివ్వకండి. చైన్‌కి నూనె స్ప్రే చేస్తూ డిస్క్‌ని తడిపి, మర్నాడు బ్రేకు పట్టడం లేదని వాపోయేవాళ్లు తక్కువేమీ కాదు.

చక్రాలు 26, 27.5, 29 అంగుళాల్లో వస్తాయి. 29 చక్రం గుంతల మీదుగా తేలికగా దొర్లిపోతుంది. అయిదున్నర అడుగులు, ఆపైన ఉన్నవాళ్లకు అది మేలు. అంతకంటే ఎత్తు తక్కువైతే 27.5 చేతికి బాగా లొంగుతుంది. 26 అంగుళాలు కొత్త మోడళ్లలో తగ్గిపోతున్నాయి కాబట్టి మంచి టైర్లు దొరకడం కష్టమవుతుంది.

టైరు వెడల్పు 2.1 నుంచి 2.3 అంగుళాల మధ్య చాలు. మధ్యలో పొట్టి గడ్డలు, అంచుల్లో పొడుగు గడ్డలున్న టైరు తీసుకోండి. తారురోడ్డు మీద మధ్యభాగం తేలికగా దొర్లుతుంది, భాటా మలుపులో అంచులు పట్టు ఇస్తాయి.

గాలి దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు. పంక్చర్ షాపులో ‘ఫుల్ గాలి’ కొట్టిస్తే టైరు రాయిలా మారి గులక మీద ఎగురుతుంది. 70 కిలోల మనిషికి, ట్యూబ్ ఉన్న 2.2 అంగుళాల టైరుకి మట్టిదారిలో 28 నుంచి 32 పీఎస్ఐ మంచి ఆరంభం. ముందు చక్రంలో రెండు పాయింట్లు తక్కువ ఉంచండి. మరీ తగ్గిస్తే రిమ్‌కీ రాయికీ మధ్య ట్యూబ్ నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

ఇక్కడి అసలు శత్రువులు తుమ్మముళ్లు, పల్లేరుకాయలు. ట్యూబ్‌లో పంక్చర్ జిగురు ద్రవం పోయించుకుంటే చిన్న ముళ్ల బెడద తగ్గుతుంది. ట్యూబ్‌లెస్ ఇంకా మంచిదే కానీ రిమ్, టైరు రెండూ దానికి తగ్గవై ఉండాలి. వాల్వ్ స్కూటర్‌కి ఉండే రకమే ఎంచుకోండి. సన్నటి ప్రెస్టా వాల్వ్‌కి దారి పక్క షాపులో గాలి పట్టించడం కష్టం.

సైజు తప్పితే అన్నీ తప్పినట్లే

సైకిల్ మధ్య గొట్టానికి అటూ ఇటూ కాళ్లు పెట్టి చదునైన నేల మీద నిలబడండి. గొట్టానికీ మీకూ మధ్య కనీసం నాలుగు వేళ్ల ఎడం ఉండాలి. తర్వాత సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెట్టి కిందికి దించండి. కాలు పూర్తిగా చాపుకోవాలి, నడుము పక్కకు ఒరగకూడదు. అదే సరైన సీటు ఎత్తు. మునివేళ్ల వెనక భాగంతో తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. మోకాలి నొప్పితో సైకిల్‌ని అటకెక్కించినవాళ్లలో చాలామంది సీటు మరీ కిందికి పెట్టుకున్నవాళ్లే.

“మా అబ్బాయి ఎదుగుతాడు కదా” అని ఒక సైజు పెద్దది కొనడం మన ఇళ్లలో అలవాటు. షిఫ్టుకి వెళ్లే సైకిల్‌కైతే అది నడిచింది. మట్టిదారిలో హఠాత్తుగా ఆగి కాలు కింద పెట్టాల్సి వచ్చినప్పుడు నేల అందకపోతే దెబ్బ ఎక్కడ తగులుతుందో చెప్పనక్కర్లేదు.

ఒంటి మీద ఏముండాలి?

హెల్మెట్ లేకుండా ప్లాంటులో అడుగు పెట్టకూడదని ఈ ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. ప్లాంటు హెల్మెట్ పైనుంచి పడే వస్తువును ఆపడానికి చేసింది. సైకిల్ హెల్మెట్ పడిపోయే తలను కాపాడటానికి చేసింది. దాని లోపలి ఫోమ్ దెబ్బను తాను మింగి నలిగిపోతుంది. అందుకే ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్, పైకి బాగానే కనిపించినా, మళ్లీ వాడకూడదు. లోపల ఈఎన్ 1078 లేదా సీపీఎస్‌సీ ప్రమాణం ముద్ర ఉందో లేదో చూసుకోండి. పెట్టుకుని తల ఊపితే జారకూడదు. పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు.

తర్వాత వేళ్లన్నీ కప్పే చేతి తొడుగులు. పడినప్పుడు ముందు నేల తాకేది అరచెయ్యే. దుమ్ముకి, కొమ్మలకి అడ్డుగా రంగులేని కళ్లద్దాలు. అడుగు గట్టిగా, చదునుగా ఉన్న బూట్లు చాలు, ప్రత్యేకమైన క్లిప్ బూట్లు మొదట్లో అక్కర్లేదు. గంటకు మించి తొక్కేవాళ్లకు ప్యాడ్ ఉన్న నిక్కరు సుఖం.

నీళ్లు మరవకండి. ఇక్కడ ఎండలు 45 డిగ్రీలను తాకుతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిదింటి లోపే ఇంటికి చేరేలా చూసుకుని, గంటకు కనీసం అర లీటరు లెక్కన నీళ్లు తీసుకెళ్లండి. తెల్లవారకముందే బయలుదేరేటట్లయితే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి.

నలభై వేలుంటే ఎలా పంచాలి?

ఉన్న డబ్బంతా సైకిల్ మీదే పెట్టేస్తే హెల్మెట్ ‘వచ్చే నెల’కి వాయిదా పడుతుంది. మా తమ్ముడికి నేను వేసిచ్చిన లెక్క ఇది. ధరలు ఊరిని బట్టి, సీజన్‌ని బట్టి మారతాయి, పంపకం తీరును మాత్రం చూడండి.

• సైకిల్: 30,000 (అల్యూమినియం హార్డ్‌టెయిల్, క్యాసెట్, వీలైతే హైడ్రాలిక్ బ్రేకులు)
• హెల్మెట్: 2,500
• అదనపు ట్యూబ్, చిన్న పంపు, టైరు లివర్లు, చైన్ విప్పే మల్టీటూల్: 2,500
• ప్యాడ్ నిక్కరు: 1,400
• లైట్లు: 1,000
• చేతి తొడుగులు, కళ్లద్దాలు: 1,200
• నీళ్ల సీసాలు, వాటి స్టాండు: 400
• నెల తర్వాత మొదటి సర్వీసు: 1,000

మొదటి సర్వీసుకి పక్కన పెట్టడం పిసినారితనానికి విరుగుడు. కొత్త తీగలు సాగుతాయి, పుల్లలు సర్దుకుంటాయి. వాటిని అప్పుడే బిగిస్తే చక్రం ఏళ్లపాటు వంకర పోదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధర స్టిక్కర్ చూపించి బేరం చేసే చోట ఇది గుర్తుంచుకోండి.

ఎక్కడ తొక్కకూడదు?

గనుల దారులు చూడగానే మనసు లాగుతుంది. కానీ నందిని సున్నపురాయి గనైనా, రాజహరా ఇనుప గనైనా పని జరిగే ప్రాంతంలోకి అనుమతి లేకుండా వెళ్లడం నేరం, ప్రాణాపాయం కూడా. గని డంపర్ డ్రైవర్‌కి సైకిల్ కనిపించకపోవచ్చు. వదిలేసిన గుంతల్లో నిలిచిన నీరు ఎంత లోతో పైనుంచి తెలియదు, అంచు ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం. ఊళ్లను కలిపే బండిబాటలు, కాలువ గట్లు వందల కిలోమీటర్లు ఉన్నాయి. అడవి దారిలోకి వెళ్తే అటవీ శాఖ హెచ్చరికలు తెలుసుకుని, ఒంటరిగా కాకుండా వెళ్లండి. వరి కోతకు ముందు పొలం గట్టు మీద తొక్కితే అది రైతు కష్టం మీద తొక్కినట్లే.

మా తమ్ముడు చివరికి డబుల్ షాకర్ కొనలేదు. నాలుగు నెలలు ఆగి, డబ్బు కూడబెట్టి, ఏడాది వాడిన హార్డ్‌టెయిల్ తీసుకున్నాడు. కొనేముందు అతుకులన్నీ టార్చ్ వేసి చూశాడట, ఫొటోలు నాకూ పంపాడు. మొన్న ఫోన్ చేసి, “అన్నయ్యా, గాలి ముప్పై పెడితే నిజంగానే జారట్లేదు” అన్నాడు. రాజహరా ఎప్పుడని అడిగితే, ముందు మరోదా గట్టు పది ఆదివారాలు తొక్కాలన్నాడు.